ఇంటి కాపలా కోసం చేరినవాళ్లు: లండన్ రెజిమెంట్ కథ

బ్రిటిష్ సైన్యంలో 1908లో ఏర్పడిన లండన్ రెజిమెంట్ పటాలాలకు 1 నుంచి 28 దాకా నెంబర్లు అనుకున్నారు. కానీ 26, 27 నెంబర్లతో ఏ పటాలమూ రాలేదు. 26వ నెంబరు ఆనరబుల్ ఆర్టిలరీ కంపెనీకి, 27వ నెంబరు న్యాయవాదుల పటాలమైన ఇన్స్ ఆఫ్ కోర్టుకి ఇవ్వాలనుకుంటే రెండూ ఒప్పుకోలేదు. మొదటిదానికి 1537లో ఎనిమిదో హెన్రీ రాజు స్వయంగా ఇచ్చిన అధికారపత్రం ఉంది. అంత పాత సంస్థ ఒక కొత్త రెజిమెంట్‌లో వరుస నెంబరుగా ఉండటానికి ఇష్టపడలేదు. ప్రభుత్వం కూడా బలవంతం చేయలేదు. ఆ రెండు స్థానాలూ ఖాళీగా వదిలేసి, చిత్రకారుల పటాలమైన ఆర్టిస్ట్స్ రైఫిల్స్‌కి 28 ఇచ్చింది.

రిజర్వు సైన్యం స్వభావం ఈ చిన్న విషయంలోనే తెలిసిపోతుంది. జీతానికి పనిచేసే సిపాయికి ఆర్డర్ ఇస్తే సరిపోతుంది. ఆఫీసు అయ్యాక సాయంత్రం కవాతుకు వచ్చి, ఏడాదికి పదిహేను రోజులు క్యాంపులో గడిపి మళ్లీ ఉద్యోగానికి వెళ్లిపోయే మనిషిని మాత్రం ఒప్పించుకోవాలి. అతనికీ ప్రభుత్వానికీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. లండన్ రెజిమెంట్ చరిత్రను ఆ ఒప్పందం వైపు నుంచి చూడాలి. దేనికని వీళ్లు సంతకం పెట్టారు, చివరికి ఏం చేయాల్సి వచ్చింది? ఈ రెండింటి మధ్య దూరం అవసరం వచ్చిన ప్రతిసారీ పెరుగుతూ పోయింది. పెంచింది ప్రభుత్వమే.

ఈ పటాలాలు రెజిమెంట్ కంటే చాలా పాతవి. ఫ్రాన్స్‌లో మూడో నెపోలియన్ దండెత్తి వస్తాడేమోనన్న భయంతో 1859లో బ్రిటన్ అంతటా వాలంటీర్ దళాలు పుట్టుకొచ్చాయి. లండన్‌లో అవి వృత్తిని బట్టీ, సొంత ఊరిని బట్టీ, హోదాని బట్టీ ఏర్పడ్డాయి. నగరంలో స్థిరపడ్డ స్కాట్లండ్ వాళ్లు లండన్ స్కాటిష్‌గా, ఐర్లండ్ వాళ్లు లండన్ ఐరిష్‌గా చేరారు. బ్యాంకుల్లో, వ్యాపార సంస్థల్లో పనిచేసే గుమస్తాలకు లండన్ రైఫిల్ బ్రిగేడ్, ప్రభుత్వోద్యోగులకు సివిల్ సర్వీస్ రైఫిల్స్ ఉండేవి. ఆర్టిస్ట్స్ రైఫిల్స్‌కి ఫ్రెడరిక్ లైటన్ లాంటి పేరున్న చిత్రకారుడే కమాండర్‌గా పనిచేశాడు. పరువున్న పటాలాల్లో చేరాలంటే ఏటా చందా కట్టాలి. అంటే సైనికుడే ఎదురు డబ్బులిచ్చి సైన్యంలో చేరేవాడు. పక్క డెస్కులో కూర్చునేవాడు, అదే వీధిలో ఉండేవాడు, అదే క్లబ్బుకి వచ్చేవాడు కవాతులోనూ పక్కనే నిలబడేవాడు.

తపాలా ఉద్యోగుల పటాలం పుట్టిన తీరు వేరు. 1867 డిసెంబరులో ఐరిష్ విప్లవకారులు లండన్‌లో క్లార్కెన్‌వెల్ జైలు గోడని పేల్చేశారు. ఆ భయంలో తపాలా కార్యాలయాల రక్షణకు ఉద్యోగుల్నే ప్రత్యేక కానిస్టేబుళ్లుగా నియమించారు. 1868లో వాళ్లతోనే ఒక వాలంటీర్ పటాలం ఏర్పడింది. అదే తర్వాత పోస్టాఫీస్ రైఫిల్స్ అయింది.

1905 చివర్లో రిచర్డ్ హాల్డేన్ యుద్ధ మంత్రి అయ్యేనాటికి బోయర్ యుద్ధం చేదు అనుభవం ఇంకా పచ్చిగానే ఉంది. దక్షిణాఫ్రికాలో సైన్యం చాలక వాలంటీర్లని అప్పటికప్పుడు పోగుచేసి పంపాల్సి వచ్చింది. హాల్డేన్ ఈ చెల్లాచెదురు దళాలన్నిటినీ 1907 చట్టంతో ఒక గొడుగు కిందకు తెచ్చాడు. 1908 ఏప్రిల్ 1 నుంచి అవి టెరిటోరియల్ ఫోర్స్ అయ్యాయి. దేశం మొత్తం మీద 14 పదాతి డివిజన్లు, 14 అశ్విక బ్రిగేడ్లు. లండన్‌లోని 26 పటాలాలు కలిసి లండన్ రెజిమెంట్ అయ్యాయి. కలిశాయన్నది కాగితం మీది మాటే. బ్రిటిష్ పదాతిదళంలో రెజిమెంట్ అంటే యుద్ధంలో కలిసి నడిచే దళం కాదు, పటాలాలన్నిటికీ ఉమ్మడి ఇంటిపేరు లాంటిది. ఇక్కడ ఆ ఇంటిపేరు కూడా సరిగ్గా అతకలేదు. ఎవరి టోపీ బిళ్ల వాళ్లదే, ఎవరి యూనిఫాం వాళ్లదే. ‘14వ లండన్’ అన్న అధికారిక పేరు కంటే లండన్ స్కాటిష్ అన్న పేరే జనం నోట్లో నిలిచింది.

ఆ చట్టంలోని అసలు షరతు ఏమిటంటే, టెరిటోరియల్ సైనికుడి పని స్వదేశ రక్షణ మాత్రమే. అతని అంగీకారం లేకుండా విదేశానికి పంపకూడదు. ఇష్టమున్నవాళ్లు ‘ఇంపీరియల్ సర్వీస్’ పత్రం మీద విడిగా సంతకం పెట్టాలి. యుద్ధానికి ముందు ఆ సంతకం పెట్టినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. ఇది పిరికితనం కాదు. పెళ్లాం పిల్లలున్న గుమస్తా, ఉద్యోగం పోతే ఇల్లు గడవని పోస్ట్‌మ్యాన్ తాము ఇవ్వగలిగినంత మాటే ఇచ్చారు.

1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే ఈ షరతు మీదే ఒత్తిడి పడింది. కొత్త యుద్ధ మంత్రి కిచనర్‌కి టెరిటోరియల్స్ మీద నమ్మకం లేదు, వాళ్లది మున్సిపాలిటీ గుమస్తాల సైన్యమన్నట్టు తీసిపారేశాడు. వాళ్లని పక్కనపెట్టి లక్షల మందితో సొంతంగా కొత్త సైన్యాన్ని మొదలుపెట్టాడు. మరోవైపు, మొదటి నెలల్లోనే సైనికుల కొరత తీర్చడానికి ఆ గుమస్తాలే కావాల్సి వచ్చారు. పటాలాల్ని వరసగా నిలబెట్టి విదేశానికి ఎవరు వస్తారని అడిగారు. స్నేహితులు, ఆఫీసు సహచరులు అంతా చూస్తుండగా వెనక్కి తగ్గడం ఎంత కష్టమో ఊహించవచ్చు. చాలా పటాలాల్లో ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లతో, కొత్తగా చేరినవాళ్లతో రెండో వరస పటాలాలు, ఆ తర్వాత మూడో వరస పటాలాలు ఏర్పడ్డాయి. అందుకే ఆ కాలపు రికార్డుల్లో 1/14 (14వ పటాలం మొదటి వరస), 2/14 (రెండో వరస) అన్న నెంబర్లు కనిపిస్తాయి.

లండన్ స్కాటిష్ 1914 సెప్టెంబరులోనే ఫ్రాన్స్ చేరింది. అక్టోబరు చివర్లో వాళ్లని బెల్జియం పట్టణం ఈప్ర్ వైపు తరలించింది లండన్ వీధుల్లో తిరిగే బస్సుల్లోనే. సైన్యం ఆ బస్సుల్ని యుద్ధానికి తీసుకుంది. అక్టోబరు 31న బెల్జియంలోని మెస్సీన్ గుట్ట మీద వాళ్లు పోరాటంలోకి దిగారు. జర్మన్లతో తలపడిన మొదటి టెరిటోరియల్ పదాతి పటాలం అదే. వాళ్ల చేతుల్లో ఉన్నవి పాత లీ ఎన్‌ఫీల్డ్ తుపాకులు. కొత్త రకం తూటాలు పట్టేలా వాటిని మార్చారు గానీ, తూటాలు నింపే మేగజీన్‌లోంచి తూటా సరిగ్గా పైకి రావడం లేదు. దాంతో ఒక్కో తూటాని చేత్తో పెట్టుకుని కాల్చాల్సి వచ్చింది. నిమిషానికి పదిహేను తూటాలు కాల్చేలా తర్ఫీదైన సైన్యం అని బ్రిటిష్ పదాతిదళానికి పేరు. ఆ పేరున్న సైన్యం తన రిజర్వు సైనికుల్ని తొలి యుద్ధానికి అలాంటి తుపాకులతో పంపింది. రాత్రంతా, మధ్యమధ్యలో బాయ్‌నెట్లతో, పోరాడి తెల్లవారాక వెనక్కి వచ్చారు. దాదాపు 400 మంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. గాయపడినవాళ్లలో తర్వాత హాలీవుడ్ నటుడిగా పేరు తెచ్చుకున్న రోనాల్డ్ కోల్మన్ ఒకడు.

లండన్‌లో పత్రికలు ఈ పోరాటాన్ని ఆకాశానికెత్తాయి. టెరిటోరియల్స్ పనికొస్తారని రుజువైందని రాశాయి. రుజువైన మాట నిజం. కానీ రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఇంటి కాపలాకు చేరినవాళ్ల మీద ఎందుకు పడిందన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ తర్వాతి నాలుగేళ్లలో లండన్ పటాలాలు అడుగుపెట్టని యుద్ధరంగం దాదాపు లేదు. 1915 సెప్టెంబరు 25న ఫ్రాన్స్‌లోని లూస్ దగ్గర లండన్ ఐరిష్ వాళ్లు ఫుట్‌బాల్‌ని ముందుకు తన్నుకుంటూ దాడికి వెళ్లారు. 1916 జులై 1న, ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదటి రోజున, 56వ లండన్ డివిజన్‌ని గొమ్మెకూర్ అనే ఊరి మీదకి పంపారు. ఆ దాడికి సొంత లక్ష్యం లేదు. అసలు దాడి జరిగే చోటు నుంచి జర్మన్ల దృష్టి మళ్లించడమే పని. అందుకే సన్నాహాలు శత్రువుకి కనబడేలా చేశారు. శత్రువు చూశాడు, సిద్ధంగా ఉన్నాడు. అయినా లండన్ రైఫిల్ బ్రిగేడ్, క్వీన్ విక్టోరియాస్ రైఫిల్స్, రేంజర్స్, లండన్ స్కాటిష్ పటాలాలు జర్మన్ కందకాల్లోకి దూసుకుపోయాయి. వెనక మైదానమంతా ఫిరంగి గుండ్లు కురుస్తుంటే బాంబులు, తూటాలు మోసుకొచ్చేవాళ్లు వాళ్లని చేరలేకపోయారు. ఉన్నవి అయిపోయాక, సాయంత్రానికి మిగిలినవాళ్లు పాక్కుంటూ తిరిగొచ్చారు. ఆ ఒక్క రోజులో డివిజన్ నష్టం దాదాపు 4,300 మంది.

ఒకే ఆఫీసు, ఒకే వీధి వాళ్లు ఒకే పటాలంలో ఉండటం శాంతికాలంలో బలం. ఇలాంటి రోజున అదే శాపమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోస్టాఫీస్ రైఫిల్స్‌లో పనిచేసినవాళ్లు దాదాపు 12,000 మంది. వాళ్లలో 1,800 మంది తిరిగి రాలేదు. 1917 సెప్టెంబరు 20న ఈప్ర్ దగ్గర జరిగిన పోరాటంలో ఆ పటాలం సార్జెంట్ ఆల్‌ఫ్రెడ్ నైట్ బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ గెలుచుకున్నాడు. అతను నాటింగ్‌హామ్‌లో తపాలా శాఖ గుమస్తా.

రెండో వరస పటాలాలు ఇంకా దూరం వెళ్లాయి. 1917 డిసెంబరు 9 ఉదయం జెరూసలేం మేయర్ హుస్సేన్ అల్ హుస్సేనీ తెల్లజెండాతో నగరం వదిలి బయటికి వచ్చాడు. ఆయన నగరాన్ని అప్పగించబోయింది 2/19వ లండన్ పటాలానికి చెందిన ఇద్దరు సార్జెంట్లకి. గస్తీ తిరుగుతున్న సెడ్జ్‌విక్, హర్‌కోంబ్ అంత పెద్ద నగరాన్ని తాము ఎలా తీసుకోవాలో తెలియక పై అధికారులకి కబురు పెట్టారు. చివరికి 60వ డివిజన్ జనరల్ దాకా వెళ్లాక లొంగుబాటు పూర్తయింది.

ఈలోగా చట్టమే మారిపోయింది. 1916లో నిర్బంధ సైనిక సేవ వచ్చింది. దాంతో విదేశానికి వెళ్లనని చెప్పే హక్కు, తన పటాలంలోనే ఉంటానని చెప్పే హక్కు టెరిటోరియల్ సైనికుడికి లేకుండా పోయాయి. 1908లో ఇచ్చిన మాట ఎనిమిదేళ్లకే చెల్లకుండా పోయింది.

భారతీయ పాఠకులకి ఈ రెజిమెంట్‌తో సూటిగా సంబంధం ఉన్నది 25వ లండన్ దగ్గర. అది సైకిల్ పటాలం. ఇంగ్లండ్ తీరంలో సైకిళ్ల మీద గస్తీ తిరగడం కోసం ఏర్పడింది. స్వదేశ రక్షణ అన్న మాటకి ఇంతకంటే సరిపోయే ఉదాహరణ దొరకదు. వాళ్ల దగ్గర సైకిళ్లు తీసేసుకుని, మామూలు పదాతి పటాలంగా మార్చి 1916లో ఇండియాకి పంపారు. వాయవ్య సరిహద్దులోని వజీరిస్తాన్ కొండల్లో పోరాడారు. 1918 నవంబరులో యుద్ధం ముగిసినా ఇంటికి పంపలేదు. 1919 ఏప్రిల్ నాటికి వాళ్లు పంజాబ్‌లో ఉన్నారు.

ఏప్రిల్ 10న అమృత్‌సర్‌లో అల్లర్లు జరిగాక జలంధర్ నుంచి వచ్చిన దళాల్లో ఈ లండన్ వాళ్లు ఉన్నారు. ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో తుపాకులు పేల్చింది వీళ్లు కాదు. జనరల్ డయ్యర్ కాల్పులు జరిపించింది గూర్ఖా, భారతీయ సైనికులతో. అయితే డయ్యర్ పక్కన అంగరక్షకుడిగా ఉన్న సార్జెంట్ ఆండర్సన్ 25వ లండన్ వాడే. అసలు వీళ్ల పాత్ర ఆ తర్వాతి రోజుల్లో కనబడుతుంది. మార్సెల్లా షేర్వుడ్ అనే మిషనరీ మహిళ మీద 10వ తేదీన ఒక ఇరుకు సందులో దాడి జరిగింది. ఆమెను కాపాడింది కూడా స్థానికులే. అయినా డయ్యర్, ఆ సందులోంచి వెళ్లే భారతీయులెవరైనా పాకుతూనే వెళ్లాలని ఆర్డర్ వేశాడు. సందు రెండు చివరలా పికెట్లు పెట్టారు. అక్కడ కాపలా ఉన్నది 25వ లండన్ సైనికులు.

ఆ ఆర్డర్ ఎలా అమలైందో కాగితాల్లో కంటే ఫోటోల్లో స్పష్టంగా ఉంది. ఆ ఫోటోలు తీసింది అదే పటాలానికి చెందిన సార్జెంట్ హౌగెగో. నేల మీద బోర్లా పడుకుని మోచేతులతో ఈడ్చుకుంటూ పోతున్న మనిషి, అతని మీదుగా తుపాకులు పట్టుకుని నిక్కర్లలో నిలబడ్డ సైనికులు. సందు లోపల ఇళ్లున్నవాళ్లకి వేరే దారి లేదు. పాలకైనా, మందులకైనా పాకాల్సిందే. డాక్టర్లు రాలేదు, పాకీవాళ్లు రాలేదు. దాదాపు వారం తర్వాతే ఆ ఆర్డర్ ఎత్తేశారు.

ఆ పికెట్‌లో ఉన్నవాళ్లు వృత్తి సైనికులు కాదు. లండన్‌లో గుమస్తాలుగా, షాపుల్లో పనివాళ్లుగా బతికినవాళ్లు, యుద్ధమయ్యాక కూడా ఇంటికెళ్లలేక విసిగిపోయినవాళ్లు. దీన్ని వాళ్లకి సాకుగా చెప్పడం కుదరదు. ఆ ఫోటోల్లో సైనికుల ముఖాల్లో ఇబ్బంది ఏమీ కనబడదు. అయితే బాధ్యత వాళ్ల దగ్గరే ఆగదు. తన తీరాన్ని కాపాడుకోవడానికి చేరిన మనిషిని వేరొకరి వీధి మీద అధికారానికి వాడుకున్న ప్రభుత్వానిదీ అందులో వాటా ఉంది. లండన్ రెజిమెంట్ గురించి ఇంగ్లిష్‌లో వచ్చే రాతల్లో లూస్ ఫుట్‌బాల్‌కి దొరికే చోటు ఈ సందుకి అరుదుగా దొరుకుతుంది. ఈ చరిత్రని మన వైపు నుంచి చదివేవాళ్లు రెండింటినీ ఒకే పేజీలో పెట్టుకుని చదవాలి. 25వ లండన్ పటాలాన్ని ఆ తర్వాత కూడా వెంటనే వదల్లేదు. మే నెలలో మూడో ఆఫ్ఘన్ యుద్ధం మొదలైతే అందులోనూ వాడారు.

యుద్ధం తర్వాత 1920లో టెరిటోరియల్స్‌ని మళ్లీ నిలబెట్టారు, పేరు టెరిటోరియల్ ఆర్మీ అయింది. అప్పటి నుంచి చేరేవాళ్లు ముందుగానే విదేశీ సేవకు ఒప్పుకోవాల్సి వచ్చింది. లండన్ రెజిమెంట్ పేరుకి మాత్రం కాలం చెల్లింది. 1930ల్లో విమానదాడుల భయం పెరగడంతో చాలా పటాలాల చేతుల్లోంచి తుపాకులు తీసి సెర్చ్‌లైట్లు, విమాన విధ్వంసక ఫిరంగులు పెట్టారు. పోస్టాఫీస్ రైఫిల్స్ 1935లో సెర్చ్‌లైట్ దళమైంది. మిగిలినవాటిని వేర్వేరు రెగ్యులర్ రెజిమెంట్లకి అంటగట్టి, 1938 నాటికి లండన్ రెజిమెంట్‌ని రద్దు చేశారు.

పేరు పోయినా పాత తంతు పోలేదు. 1940 మేలో క్వీన్ విక్టోరియాస్ రైఫిల్స్‌ని ఫ్రాన్స్‌లోని కలే రేవు కాపాడటానికి హడావుడిగా పంపారు. అది మోటార్ సైకిల్ పటాలం, మోటార్ సైకిళ్లు మాత్రం ఇంగ్లండ్‌లోనే ఉండిపోయాయి. చాలామంది చేతుల్లో ఉన్నది పిస్తోలు మాత్రమే. నాలుగు రోజులు పోరాడి మే 26న మిగిలినవాళ్లు బందీలయ్యారు. మెస్సీన్‌లో మొరాయించిన మేగజీన్లకీ దీనికీ మధ్య ఇరవై ఆరేళ్లు గడిచాయి. రిజర్వు సైనికుడికి ఆయుధాలు ఆఖర్న, ప్రమాదం ముందున అన్న అలవాటు ఆ ఇరవై ఆరేళ్లలో ఏమీ మారలేదు.

తర్వాతి యాభై ఏళ్లు కుదింపుల కాలం. ఆర్టిస్ట్స్ రైఫిల్స్ 1947లో ప్రత్యేక దళమైన 21 ఎస్‌ఏఎస్‌గా మారింది. 1967 కోతల్లో పటాలాలు కంపెనీలకు కుదించుకుపోయి, లండన్ స్కాటిష్ ఎక్కడో స్కాట్లండ్ దళంలో, లండన్ ఐరిష్ ఐర్లండ్ దళంలో భాగాలయ్యాయి. సోవియట్ ముప్పు తొలగాక 1993లో వాటన్నిటినీ లండన్‌కి తిరిగి తెచ్చి, బాటర్సీ కేంద్రంగా ఒకే పటాలంతో లండన్ రెజిమెంట్ పేరుని మళ్లీ బతికించారు. ఒకప్పుడు 26 పటాలాలున్న రెజిమెంట్‌లో అప్పటికి మిగిలినవి నాలుగైదు కంపెనీలు. అప్పుడు కూడా ఎవరి టోపీ బిళ్ల వాళ్లే ఉంచుకున్నారు.

2004లో ఈ పటాలం నుంచి కాంబ్రే కంపెనీ పేరుతో ఒక దళాన్ని ఇరాక్‌కి పంపారు. తర్వాత సోమ్ కంపెనీ అఫ్గానిస్తాన్ వెళ్లింది. వాళ్లు వెళ్లింది 1996 రిజర్వు దళాల చట్టం కింద. యుద్ధం ప్రకటించకపోయినా రిజర్వు సైనికుల్ని ప్రపంచంలో ఎక్కడికైనా పిలిపించే అధికారం ఆ చట్టం ప్రభుత్వానికిచ్చింది. వెళ్లొచ్చాక ఉద్యోగం తిరిగి ఇవ్వాలని యజమాని మీద బాధ్యత పెట్టే చట్టం 1985 నుంచి ఉంది. 2014లో టెరిటోరియల్ ఆర్మీ అన్న పేరు కూడా పోయి ఆర్మీ రిజర్వ్ వచ్చింది.

2022 మే 1న లండన్ రెజిమెంట్ రెండోసారి రద్దయింది. దాని కంపెనీలు రాజభవనాల ముందు కాపలా కాసే గార్డ్స్ రెజిమెంట్లకి అనుబంధంగా లండన్ గార్డ్స్ అనే రిజర్వు పటాలమయ్యాయి. లండన్ స్కాటిష్ వాళ్లు స్కాట్స్ గార్డ్స్‌లో, లండన్ ఐరిష్ వాళ్లు ఐరిష్ గార్డ్స్‌లో భాగమయ్యారు. 1908లో నెంబరు వద్దని ఇద్దరు నిలబడితే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఈసారి అన్నీ టోపీ బిళ్లలతో సహా మారిపోయాయి.

ఇప్పుడు లండన్‌లో రిజర్వులో చేరే కుర్రవాడి ఒప్పందం 1908 నాటి దానికంటే కఠినమైనది. కానీ ఒక్క విషయంలో మేలు. ఎక్కడికైనా పంపవచ్చని ఇప్పుడు సంతకం పెట్టకముందే చెబుతున్నారు. ఆ సంగతి 25వ లండన్ సైకిల్ సైనికుడికి చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.